పత్తికొండలో నలుపు లేదు

పత్తికొండలో నల్లవాళ్లు లేరు. నమ్మకం కలగకపోతే బస్టాండు ఎదురుగా ఉన్న దాదా ఖలందర్ ఫొటో స్టూడియోకి వెళ్లి గోడలు చూడండి.

టమాటా మార్కెట్‌లో పొద్దున్నుంచి ఎండలో కూర్చుని కాయలు ఏరే ఆడవాళ్లు ఆ గోడ మీద మంచు దేశం నుంచి నిన్ననే దిగినట్టుంటారు. లారీ డ్రైవర్లు, మేస్త్రీలు, వేరుశనగ రైతులు, పిండిమర ఓనర్లు, అందరిదీ ఒకటే రంగు. ఆ రంగు పేరేమిటంటారా? ఉడికించి పొట్టు తీసిన కోడిగుడ్డు.

ఇది మామూలు సేవ అనుకుంటున్నారా? తరతరాలుగా పసుపు పూశాం, సున్నిపిండి రుద్దాం, ట్యూబుల కొద్దీ క్రీములు పిండుకున్నాం. ఏం ఒరిగింది? దాదా ఖలందర్ కంప్యూటర్ ముందు కూర్చుని టీ తాగేలోపల మనిషిని తెల్లగా చేసి చేతిలో పెడతాడు. దుష్ఫలితాలు లేవు. కులం అడగడు, మతం అడగడు. నేతలు మైకు పట్టుకుని తెస్తామన్న సమానత్వాన్ని ఆయన మౌస్ పట్టుకుని తెచ్చేశాడు.

ఒప్పుకోవలసిందే, చిన్న చిన్న ఇబ్బందులు ఉన్నాయి. ఓబులేష్ సర్పంచ్ ఎన్నికకు నిలబడి ఊరంతా ఫ్లెక్సీలు కట్టించాడు. మర్నాడు ఆయన సొంత అరుగు మీద కూర్చుని ఉంటే, పక్క పల్లె నుంచి వచ్చిన వాళ్లు ఆయన్నే పలకరించి, "ఏమప్పా, ఓబులేషన్న లోపల ఉండాడా?" అని అడిగారు. ఓబులేష్ నొచ్చుకోలేదు. తాను ఇంట్లో లోపల ఉండేంత పెద్దమనిషినయ్యానని సంతోషించాడు.

లక్ష్మక్క సంగతి ఇంకొకటి. పోయిన భర్త ఫొటో పెద్దది చేయించుకుంది. దాదా ఖలందర్ మచ్చలు తీశాడు, పళ్లు సరిచేశాడు, రంగు ఇచ్చాడు. లక్ష్మక్క రోజూ దండ వేస్తుంది, దండం పెడుతుంది. కానీ ఒకసారి స్టూడియోకి వచ్చి మెల్లగా చెప్పింది. "ఫొటో బాగుండాదప్పా. కానీ ఆయప్పతో నాకు చనువు రాల్యా. మాయప్పనైతే నోటికొచ్చినట్టు తిట్టుకుంటాంటి. ఈయప్పను తిట్టాలంటే మొగమాటం."

దాదా ఖలందర్‌కి మొదట్లో ఈ సేవాభావం ఉండేది కాదు. ఆయన లైటు ఎక్కడి నుంచి పడితే ఏ ముఖం ఎలా వెలుగుతుందో చూసుకుని, మనిషి కుదురుకునేదాకా ఆగి ఫొటో తీసేవాడు. తీసిన ముఖం తీసినట్టే ఇచ్చేవాడు. తీసుకున్నవాళ్లంతా తిరిగి తెచ్చేవాళ్లు. "ఖలందరూ, నీ కెమెరా చెడిపోయింది. మార్చు" అనేవాళ్లు. కెమెరా మార్చాడు. అదీ చెడిపోయిందన్నారు. చివరికి కెమెరాను వదిలేసి మనుషుల్ని మార్చడం మొదలుపెట్టాడు. అప్పటి నుంచి ఒక్క ఫిర్యాదు లేదు.

అటువంటి మనిషికి తిరుమలయ్య శెట్టి కూతురి పెళ్లి సంబంధానికి పంపే ఫొటో పని వచ్చింది.

తిరుమలయ్యది ఎరువుల అంగడి. ఆయన భార్య కన్యకమ్మ. కూతురు శ్రీవాణి కర్నూలులో ఒక కాలేజీలో లెక్కలు చెబుతుంది. కడపలో ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి ప్రదీప్‌కుమార్, తుమ్మలపల్లె గనిలో ఇంజినీరు. వాళ్ల ఫొటో వీళ్లకు వచ్చింది. తెల్లటి ముఖం, నుదుటి మీద వాలిన ఒత్తయిన జుట్టు. కన్యకమ్మ ఆ ఫొటో చూసిన వెంటనే కూతుర్ని తీసుకుని స్టూడియోకి వచ్చింది.

ఫొటో తీయడం అయిపోయింది. కన్యకమ్మ ప్లాస్టిక్ స్టూలు లాక్కుని కంప్యూటర్ పక్కనే కూర్చుంది.

"ఇంగ రోంత తెల్లగ చెయ్" అంది.

చేశాడు.

"ఇంగ రోంత."

"అమ్మా, ఇంగ పోతే కండ్లూ ముక్కూ కనపడవు."

"కనపడకుంటే ఏమి? పెండ్లయినాక సూసుకుంటారులే."

అవతల జడ సరిచేసుకుంటున్న శ్రీవాణి వచ్చి స్క్రీన్ వైపు చూసింది. "ఎవరు ఖలందరన్నా ఈ పాప?" అని అడిగింది.

"నువ్వేనమ్మా" అన్నాడు దాదా ఖలందర్.

"అట్లనా. శానా బాగుండాది. పెండ్లి ఆయమ్మకే చేయండి, నేను కాలేజీకి పోతా" అంది శ్రీవాణి.

కన్యకమ్మ కూతురి వైపు ఒక చూపు చూసింది. దాదా ఖలందర్ స్క్రీన్ వైపూ శ్రీవాణి వైపూ ఒకసారి చూశాడు. అయినా ఫొటో ప్రింటు తీశాడు, వాట్సాప్‌లో పంపాడు. సేవ చేసేవాడి కళ్లు అప్పుడప్పుడూ అసలు ముఖం వైపు పోతూనే ఉంటాయి. దానికి ఆగితే ఊరు ఎలా తెల్లబడుతుంది?

పెళ్లిచూపులు శ్రీశైలంలో అనుకున్నారు. దర్శనానికి దర్శనం, చూపులకు చూపులు. సత్రం వరండాలో కలుసుకోవాలని మాట. మొదటి చూపు ఫొటోలు తీయడానికి తిరుమలయ్య దాదా ఖలందర్‌ను కూడా కారెక్కించుకున్నాడు.

వరండాలో ఈ పక్కన వీళ్లు కూర్చున్నారు. ఆ పక్కన మరో కుటుంబం అప్పటికే కూర్చుని ఉంది. తల్లి, మేనమామ, టోపీ పెట్టుకున్న ఒక అబ్బాయి. అందరూ గేటు వైపే చూస్తున్నారు. ఈ పక్కవాళ్లూ గేటు వైపే చూస్తున్నారు. పొద్దు నెత్తి మీదికి వచ్చింది. గేటులోంచి తెల్లవాళ్లెవరూ రాలేదు.

"ఎదురుగా ఆ టోపీ పిల్లోడు మన పాపనే సూస్తాండాడు" అని కన్యకమ్మ భర్త చెవిలో చెప్పింది. "శ్రీవాణీ, ఇట్ల తిరిగి కూర్చో. కడపోళ్లు వచ్చేయాళకు ఇదొకటి యాల?"

ఆ పక్కన తల్లి కూడా కొడుకు చెవిలో ఏదో చెప్పి అతని భుజం పట్టి అటు తిప్పింది.

కాసేపటికి ఆ అబ్బాయే లేచి వచ్చాడు. "అన్నా, చార్జర్ ఉండాదా? ఫోన్ ఆఫ్ అయిపోయింది" అని దాదా ఖలందర్‌ను అడిగాడు. ఆయన దగ్గర లేదు. శ్రీవాణి తన సంచిలోంచి తీసి, పక్కనే గోడకున్న ప్లగ్గులో పెట్టి ఫోన్ తగిలించింది. చార్జింగ్ ఎక్కుతున్నంతసేపు ఇద్దరూ అక్కడే నిలబడ్డారు.

"ఎవరికోసమన్నా సూస్తాండారా?" అని అడిగాడు అతను.

"ఒక తెల్లాయన కోసం" అంది శ్రీవాణి. "మీరు?"

"మేము ఒక తెల్లామె కోసం" అన్నాడు.

ఇద్దరూ నవ్వుకున్నారు. కన్యకమ్మ దగ్గింది. అబ్బాయి వెళ్లి తన చోట కూర్చున్నాడు.

ఇంతలో తిరుమలయ్యకు ఓపిక అయిపోయింది. "ఇప్పుడన్నా ఎత్తుతాడేమో సూస్తా" అని పెళ్లికొడుకు నంబరుకు ఫోన్ చేశాడు. గోడకు తగిలించిన ఫోన్ మోగింది. శ్రీవాణి వంగి చూసింది. స్క్రీన్ మీద ఉన్నది తండ్రి నంబరు. ఫోన్ వైపూ తండ్రి వైపూ మార్చి మార్చి చూసింది.

"నాయనా, నువ్వు ఫోన్ చేస్తాండేది ఈడికే" అంది.

 ఇద్దరు తల్లులూ ఒకేసారి లేచారు. అబ్బాయి తల్లి తన ఫోన్‌లో ఫొటో తెరిచి, శ్రీవాణి చెంప పక్కన పెట్టి, చీరెల అంగడిలో జాకెట్టు గుడ్డ జత చూసినట్టు చూసింది. కన్యకమ్మ అబ్బాయి టోపీ తీయించింది. టోపీ కింద నున్నగా ఉంది.

"ఫొటోలో అంత జుట్టు ఉండె కదప్పా. యాడికి పోయింది?" అని అడిగింది కన్యకమ్మ.

"అది కడప స్టూడియోలోనే ఉండాదత్తా" అన్నాడు ప్రదీప్‌కుమార్.

మేనమామకు మాత్రం నవ్వు రాలేదు. మెడలో కెమెరా చూసి నేరుగా దాదా ఖలందర్ మీదికి వచ్చాడు. "పాప ఫొటో తీసింది నువ్వేనా? నిజం చెప్పు. ఆ ఫొటోలో ఉండేది ఈ పాపేనా?"

దాదా ఖలందర్ తిరుమలయ్య వైపు చూశాడు. తిరుమలయ్య కళ్లతోనే బతిమాలుతున్నాడు. ఔను అంటే అమ్మాయి ఎదుట నిలబడి ఉంది. కాదు అంటే సంబంధం పోతుంది, పత్తికొండలో శెట్లెవరూ ఇక స్టూడియో గడప తొక్కరు. 

"మొగం పాపదే సామీ. రంగు నాది" అన్నాడు.

ముందుగా నవ్వింది ప్రదీప్‌కుమార్. తర్వాత శ్రీవాణి. "అమ్మా, నాకు ఈయనతో మాట్లాడితే బాగానే ఉండాది. ఫొటోలో ఆయనతో ఏం మాట్లాడాల్నో తెలియకుండె" అంది. అబ్బాయి కూడా తల్లితో అదే మాట ఇంకో రకంగా చెప్పాడు.

ఇక్కడితో నిజం గెలిచిందని మీరు అనుకుంటారు. మన ఊళ్ల గురించి మీకు అంత తక్కువ తెలుసా?

పిల్లలిద్దరూ ఒప్పుకున్నాక పెద్దలు అసలు సమస్యకు వచ్చారు. రెండు ఫొటోలూ రెండు వైపుల బంధువులందరికీ ఎప్పుడో చేరిపోయాయి. మైదుకూరు పెద్దమ్మ, ఆదోని బావమరిది, బెంగళూరు పినతండ్రి, అందరూ చూశారు, అందరూ మెచ్చుకున్నారు. "పీటల మీద వేరే పాప కూర్చుంటే మావాళ్లకు నేనేం చెప్పేది?" అంది అబ్బాయి తల్లి. "మావాళ్లూ అడుగుతారు, పెండ్లికొడుకు ఎప్పుడొస్తాడని" అంది కన్యకమ్మ.

ఫొటోలు మార్చడం కుదరదు. కాబట్టి మనుషుల్ని మార్చాలని తీర్మానం జరిగింది. ఇద్దరు తల్లులూ అంత త్వరగా ఏకాభిప్రాయానికి వచ్చిన విషయం మళ్లీ ఇంకొకటి లేదు.

పెళ్లి బ్రహ్మాండంగా జరిగింది. శ్రీవాణికి కర్నూలు నుంచి వచ్చిన బ్యూటీషియన్ గోడకు లప్పం పెట్టినట్టు మేకప్ పెట్టింది. ప్రదీప్‌కుమార్‌కు మేకప్‌తోపాటు విగ్గు కూడా వచ్చింది. ఫ్లడ్ లైట్ల కింద వరుడి చెమట తెల్లగా కారి కాలరు మీద చుక్కలుగా పడింది. తలంబ్రాలు పోసేటప్పుడు విగ్గు ఒక పక్కకు జరిగితే మేనమామ ముందుకు దూకి ఆశీర్వదించే నెపంతో దాన్ని నెత్తి మీద నొక్కి పట్టుకున్నాడు. పైన డ్రోన్ తిరుగుతోంది. కింద దాదా ఖలందర్ ఫొటోలు తీస్తున్నాడు.

ఆల్బం పని ఆయన్ని చాలా రోజులు కూర్చోబెట్టింది. ముఖాలు తెల్లగా చేస్తే చేతులు మిగిలిపోయేవి. చేతులు చేస్తే మెడలు. ఒక ఫొటోలో శ్రీవాణి అప్పగింతలకు ముందు ఎవరితోనో మాట్లాడుతూ పెద్దగా నవ్వుతోంది. తెల్లగా చేసుకుంటూ పోతే చెంపల గీతలు పోయి ఆ నవ్వు కాస్తా చెరిగిపోయింది. వెనక్కి వెళ్లాడు. నవ్వు వచ్చింది, దాంతోపాటు నలుపూ వచ్చింది. రెండూ కలిపి ఉంచుకోవడానికి ఏ బటన్ నొక్కాలో ఆయనకు దొరకలేదు. చాలాసేపు ఆ ఫొటో ముందే కూర్చున్నాడు. చివరికి తెలుపే ఉంచాడు. రెండు కుటుంబాలూ ఆల్బం చూసి మురిసిపోయాయి. ఆ రోజు ఇంటికి వెళ్లి దాదా ఖలందర్ సరిగా అన్నం తినలేదు. భార్య చాంద్ బేగం అడిగితే ఎండ దెబ్బ అన్నాడు.

మరుసటి ఏడు శ్రీవాణి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆడపిల్ల. నెల నిండగానే కన్యకమ్మ కూతుర్నీ మనవరాలినీ తీసుకుని స్టూడియోకి వచ్చింది.

పిల్ల మంచి నలుపు. నిద్రలో మూతి ముడుచుకుని, ఎవరి మీదో అలిగినట్టు ఉంది. దాదా ఖలందర్ తెల్లటి దుప్పటి తీసేసి పసుపురంగుది పరిచాడు. కిటికీ తలుపు సగం తెరిచాడు. లైట్లు ఆర్పేశాడు. పిల్ల కదిలి కళ్లు తెరిచేదాకా ఆగి, తెరవగానే తీశాడు. అలా ఆగి ఫొటో తీసి ఎన్నేళ్లయిందో.

శ్రీవాణి బిడ్డను ఎత్తుకుంటూ, "ఖలందరన్నా, దీని రంగు జోలికి పోవద్దు" అంది. బిడ్డ ఏడుస్తుంటే పాలు పట్టడానికి లోపలి గదిలోకి వెళ్లింది.

కన్యకమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. దాదా ఖలందర్ ఫొటోను స్క్రీన్ మీద తెరిచాడు. ఆమె కళ్లజోడు పెట్టుకుని ముందుకు వంగింది. చాలాసేపు చూసింది.

"అచ్చం నేనే కదప్పా" అంది. గొంతులో సంతోషం దాగలేదు. "ఆ మూతి సూడు. ఆ కండ్లు సూడు. మా ఇంట్లో అందరూ నువ్వు ఇట్లనే ఉంటాంటివని నాతో చెప్తాండ్రి. నాకు చిన్నప్పటి ఫొటో లేదు. ఎవురు తీపిచ్చారు?"

"ఔనమ్మా. అచ్చం మీరే" అన్నాడు.

కన్యకమ్మ వేలితో స్క్రీన్ మీద పిల్ల చెంప తడిమింది. తర్వాత లోపలి గది వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"నేను కాపరానికి వచ్చిన దినం మా అత్త నా మొగం సూసి తలుపేసుకునె. ఇంటినిండా సుట్టాలు. నేను బయట నిలబడితి." ఆగింది. "అందుకే చెప్తాండా ఖలందరూ. శ్రీవాణికి తెలియకుండా, రోంత తెల్లగ చెయ్."

ఊరు ఊరంతా తెల్లబరిచిన మనిషికి ఇదేం పెద్ద పని? ఒక్క నిమిషం. మౌస్ మీద చెయ్యి పెట్టాడు. పెట్టిన చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"సిస్టం పని చేయడం లేదమ్మా" అన్నాడు.

ఆయన ఎదుట స్క్రీన్ వెలుగుతూనే ఉంది. నిండా పిల్ల ముఖం. కన్యకమ్మ స్క్రీన్ వైపు చూసింది, ఆయన వైపు చూసింది. కళ్లజోడు తీసి పమిట కొంగుతో తుడుచుకుంది.

"సరే, ఏంచేస్తాం. ఉండేది ఉన్నట్టే ఇయ్యి" అంది.