ముక్కు నుంచి మెదడుకు

"ఇకపై మన ప్రజల్లో ఎవరూ, ఏదీ మరిచిపోరు!" అని ఆరోగ్య మంత్రి ప్రకటించారు.

చరిత్రాత్మకమైన ఆ మాటకు చప్పట్లు కొట్టాల్సినవాళ్ళు కొట్టడం మరిచిపోయారు. మంత్రిగారి వెనక నిలబడ్డ డైరీ చిన్నగా దగ్గాడు. అప్పుడు గుర్తొచ్చి కొట్టారు.

డైరీ అంటే పుస్తకం కాదు, మనిషి. మంత్రిగారి పర్సనల్ అసిస్టెంట్. ఆయన ఎడమ చెవికి జానెడు దూరంలో నడవడం అతని ఉద్యోగం. ఎదురుగా ఎవరైనా రాగానే "యూనియన్ ప్రెసిడెంటు, మోకాలి ఆపరేషన్" అని చెవిలో ఊదాలి. మంత్రిగారు వెంటనే రెండు చేతులూ చాచి, "మోకాలు ఎలా ఉందన్నా?" అని కరిగిపోతారు. అవతలి మనిషి ఆ పలకరింపును బతికున్నన్నాళ్ళూ చెప్పుకుంటాడు. మంత్రిగారు మాత్రం కారెక్కేలోపే మరిచిపోతారు. ఆ విద్యలో ఆయనకు సాటి ఎవరూ లేరు. ఇచ్చిన మాట మరిచిపోవడానికి మామూలు నాయకులకు ఎన్నికలు అయిపోవాలి. ఆయనకు మైకు ఆగిపోతే చాలు.

అలాంటి మహానుభావుడు మతిమరుపు మీద యుద్ధం ప్రకటించడం ఎంత నిస్వార్థమో డైరీకి తెలుసు. పథకం పేరు 'ముక్కు నుంచి మెదడుకు'. తలకు దెబ్బ తగిలి జ్ఞాపకం పోయినవాళ్ళకు, వయసుతో మెదడు అరిగిపోతున్నవాళ్ళకు ముక్కులో మందు కొడతారు. అది నేరుగా మెదడుకు చేరుతుంది.

ఈ పథకం మీద డైరీకి సొంత ఆశ ఒకటి ఉంది. వాళ్ళ బావ లిఫ్టు మెకానిక్. పనిలో ఉండగా లిఫ్టు గుంతలో పడ్డాడు. తలకు కట్టు విప్పారు గానీ జ్ఞాపకం తిరిగి రాలేదు. పొద్దున్నే కాఫీ తెచ్చిచ్చిన భార్యను ఎగాదిగా చూసి, "ఈవిడెవరో గానీ మంచి మనిషి. వీళ్ళాయన అదృష్టవంతుడు" అంటాడు. మొదట్లో అక్క నవ్వేది. ఇప్పుడు గ్లాసు అక్కడ పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోతోంది.

"మంత్రి పక్కనే తిరుగుతావు కదరా. తిరిగి ఏం లాభం?" అని ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంది.

అందుకే డైరీ ఒకరోజు కారులో ధైర్యం చేశాడు. మంత్రిగారు ఫోన్లో ఉన్నారు.

"సార్, మందు వస్తే మొదటి పేరు మా బావది పెట్టించండి. మీరు ఆస్పత్రికి పంపిన పళ్ళబుట్ట అందింది సార్. బత్తాయిలు ఒక్కటే పడలేదు, ఆయనకు దగ్గొస్తుంది. మిగతావన్నీ తిన్నాడు."

మంత్రిగారు ఫోన్ మీద అరచెయ్యి అడ్డం పెట్టారు. "మొదటి పేరు మీ బావదే. ఇంకేంటి?" అన్నారు. మళ్ళీ ఫోన్లో పడిపోయారు.

ఆ రాత్రి అక్క చాలా రోజుల తర్వాత కడుపునిండా తింది.

* * *

మందు కనిపెట్టింది ప్రభుత్వ పరిశోధనాలయంలో పనిచేసే డాక్టరమ్మ. మంత్రిగారు పరిశీలనకు వచ్చిన రోజు ఆమె ఎలకల బోనుల ముందు నిలబడి వివరించింది.

"సార్, రక్తంలోకి వచ్చిన ప్రతిదాన్నీ మెదడు లోపలికి రానివ్వదు. చుట్టూ ఒక కంచె లాంటిది ఉంటుంది. మంచి మందులు కూడా అక్కడే ఆగిపోతాయి. కానీ ముక్కు పైభాగంలో వాసన పట్టే నరాలు ఉంటాయి. అవి కంచెతో పనిలేకుండా లోపలికి వెళతాయి..."

మంత్రిగారి ముఖం వెలిగిపోయింది. "అంటే దొడ్డిదారి ఉందంటారు! ఆ మాట ముందే చెప్పొద్దూ? ఇందాకటి నుంచి ఎలకల్ని చూపిస్తున్నారు."

శాస్త్రాన్ని అంత వేగంగా అందుకున్న మంత్రిని డాక్టరమ్మ అంతవరకూ చూడలేదు.

తర్వాత ఆమె ఫ్రిజ్ తెరిచి అరచేతిలో పట్టేంత పరికరం ఒకటి తీసింది. పైన ముక్కులో పెట్టే మొన, పక్కన చిన్న గాజు కిటికీ, అందులో నీలం రంగు మందు, కింద మీట. మొనకీ మీటకీ మధ్య ఒక పసుపు క్లిప్పు.

"ముందు ఈ క్లిప్పు లాగెయ్యాలి," అని డైరీకి చూపించింది. "లాగకుండా మీట నొక్కితే గాలి మాత్రమే వస్తుంది, మందు రాదు. వాడేదాకా ఫ్రిజ్‌లోనే ఉండాలి. తలకు దెబ్బ తగిలిన ఎలకలు దీంతో మళ్ళీ తిండి దారి గుర్తుపట్టాయి. ఇక మనుషుల మీద మొదలుపెట్టాలి సార్, చాలా జాగ్రత్తగా, కొద్దిమందితో. అనుమతి ఫైలు మీ దగ్గరే ఉంది."

"నా దగ్గరుంటే భద్రంగా ఉన్నట్టే," అన్నారు మంత్రిగారు. "అయితే ఒక మాట. ప్రజల ముక్కు కంటే ముందు నా ముక్కు!"

డాక్టరమ్మ గాభరా పడింది. "సార్, మీకు దెబ్బేమీ తగల్లేదు కదా! పైగా అనుమతి లేకుండా..."

"అనుమతి ఇచ్చేది ఎవరమ్మా?"

"మీరే సార్."

"ఇచ్చాను."

అక్కడికక్కడే సంతకమూ పెట్టారు, ఒక్క ముక్కుకు. మిగతా ముక్కుల ఫైలు పరిశీలనలో ఉంచారు. త్యాగమంటే అది. డైరీ ఒక అడుగు ముందుకు వేశాడు.

"సార్, మొదటి పేరు మా బావదన్నారు..."

"నేను లెక్కలోకి రానయ్యా, నేను ప్రారంభోత్సవం. నా తర్వాత మొదటివాడు మీ బావే."

* * *

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. వేదిక మీద ఇరవై కుర్చీలు వేశారు. కుర్చీలన్నీ పార్టీకి సరిపోయాయి కాబట్టి డాక్టరమ్మను ఆరో వరసలో, స్తంభం వెనక కూర్చోబెట్టారు. ఆమెకు స్తంభం బాగా కనిపించింది.

మంత్రిగారికి ఒక నియమం ఉంది. రిబ్బన్ కత్తిరించనిదే ఆయన దేన్నీ ప్రారంభించరు. ఒకసారి తుఫాను సహాయక పడవకు కూడా ఆయన వచ్చి రిబ్బన్ కత్తిరించేదాకా నీళ్ళు చూసే భాగ్యం కలగలేదు. కాబట్టి పరికరానికీ రిబ్బన్ కట్టాలి. దాన్ని అన్ని వైపులా తిప్పి చూస్తే, కట్టడానికి పసుపు క్లిప్పు దగ్గర తప్ప చోటు లేదు. డైరీ ఎర్ర రిబ్బన్‌తో అక్కడ బిగించి పువ్వు ముడి వేశాడు. ముడి పువ్వులాగే వచ్చింది. దాని కింద ఏముందో కనపడనంత అందంగా.

మంత్రిగారు వేలాడుతున్న కొసను కత్తిరించారు. అదే క్షణంలో ఇద్దరు ఎమ్మెల్యేలు వేదిక ఎక్కారు. వాళ్ళ పేర్లు, వాళ్ళ అలకలు చెవిలో ఊదే పనిలో డైరీ మునిగిపోయాడు. మంత్రిగారు పరికరం ముక్కులో పెట్టుకుని మీట నొక్కారు. 'పిస్స్' మని శబ్దం వచ్చింది. కెమెరాలు మెరిశాయి. డాక్టరమ్మ స్తంభం వెనక నుంచి శబ్దం విని చప్పట్లు కొట్టింది. పరికరాన్ని పువ్వు ముడితో సహా వెల్వెట్ పెట్టెలో పడుకోబెట్టి, మంత్రిత్వ శాఖ వరండాలో అద్దాల బీరువాలో, దీపాల కింద అలంకరించారు.

"సార్, ఏమైనా గుర్తొస్తోందా?" అని ఒక విలేకరి చమత్కరించాడు. "పోయిన ఎన్నికల్లో ఇచ్చిన మాటలేవైనా?"

అందరూ నవ్వారు. మంత్రిగారు నవ్వలేదు. కళ్ళు మూసుకున్నారు.

"కాలువ మీద వంతెన," అన్నారు నెమ్మదిగా. "పాత బస్టాండుకి పైకప్పు. నాలుగో వార్డు బడిలో ఆడపిల్లలకి మరుగుదొడ్డి. తలుపుతో సహా."

తలుపు సంగతి డైరీకి కూడా గుర్తులేదు.

అక్కడితో ఆగలేదు. జనంలోంచి ఒక ముసలమ్మను వేలు పెట్టి చూపించారు. "పెద్దమ్మా, నువ్వు పెన్షన్ కాగితం ఇచ్చినప్పుడు వాన పడుతోంది. కాగితం తడవకూడదని చెంగులో దాచావు. అవునా?"

ముసలమ్మ ఏడ్చేసింది. ఏడుపు బాగా వచ్చిందని కెమెరామన్ బొటనవేలు చూపించాడు.

* * *

ఆ వారమంతా దేశం ఆరోగ్య మంత్రి గురించే మాట్లాడుకుంది. బస్టాండుకి పైకప్పు వచ్చింది. మరుగుదొడ్డికి తలుపు వచ్చింది, లోపలివైపు గడియతో. డైరీ అలవాటు ప్రకారం చెవి దగ్గర మూతి పెడితే మంత్రిగారు తల పక్కకు జరిపి, "ఊదకయ్యా, చక్కిలిగింతగా ఉంది. ఆయన నాకు తెలుసు, రెండో అల్లుడు పోలీసు" అనేవారు.

తన ఉద్యోగం పోతుందేమోనని డైరీకి దిగులే. కానీ అక్కకు ఫోన్ చేసి చెప్పేటప్పుడు గొంతులో పండగే. "అక్కా, పనిచేస్తోందే! తలుపు గుర్తొచ్చిందంటే బావకి నువ్వు గుర్తురావా?"

"నేను తలుపు కంటే తీసిపోయానా ఏంట్రా?" అంది అక్క. చాలాకాలానికి నవ్వింది.

ఒక్కటే ఇబ్బంది. మంత్రిగారికి ప్రజల సంగతులే కాదు, పార్టీ సంగతులూ గుర్తురావడం మొదలైంది. క్యాబినెట్ మీటింగులో గనుల మంత్రిని పట్టుకుని, "కొండ లీజు మీ తోడల్లుడికి ఇచ్చిన రోజు మీరు గళ్ళ చొక్కా వేసుకున్నారు" అన్నారు. గనుల మంత్రి నీళ్ళు తాగారు. ఎదుటివాళ్ళ గ్లాసులో నీళ్ళు కూడా తాగారు.

ఆ తర్వాత ఆరోగ్య మంత్రి నేరుగా పెద్దాయన వైపు తిరిగారు. పెద్దాయనంటే ప్రభుత్వానికి అధినేత, పార్టీకి దేవుడు.

"అయ్యా, మీరూ ఒక మాటిచ్చారు. పదవీకాలం సగం అయ్యాక ఈ కుర్చీ నాదేనని. అప్పుడు మీకు జలుబు చేసింది, ఆవిరి పట్టుకుంటూ అన్నారు. సగం నిన్నటితో అయింది."



పెద్దాయన మెల్లగా అడిగారు. "ఈ మందు ఇంకెంతమందికి ఇచ్చారు?"

"ఇంకా ఎవరికీ ఇవ్వలేదయ్యా. ఫైలు నా దగ్గరే భద్రంగా ఉంది."

"దేశం అదృష్టం," అన్నారు పెద్దాయన. తర్వాత ఆయనా, ఆరోగ్య మంత్రీ పక్క గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

నిపుణుల కమిటీ వేశారు. నిపుణుల్లో గనుల మంత్రి తోడల్లుడు కూడా ఉన్నాడు. ఆయనకు తవ్వకాల్లో అనుభవం. కమిటీ తేల్చింది: మందు వాడినవారిలో నూటికి నూరు శాతం మందిలో జ్ఞాపకశక్తి అనే తీవ్రమైన సైడ్ ఎఫెక్ట్ కనిపించింది. పథకం రద్దు. పరిశోధనాలయానికి తాళం. ఎలకల్ని వ్యవసాయ శాఖకు అప్పగించారు. వాటిని పెంచాలో చంపాలో తెలియక ఆ శాఖ వివరణ కోరింది.

అదే రోజు ఆరోగ్య మంత్రి ప్రెస్‌మీట్ పెట్టారు. "దేవుడి దయవల్ల మందు ప్రభావం తగ్గిపోయింది. ఇప్పుడు నేను పూర్తి ఆరోగ్యంగా ఉన్నాను. ఏమీ గుర్తులేదు."

"కాలువ వంతెన సార్?"

"ఏ కాలువ?" అన్నారు చల్లగా. హాలంతా హమ్మయ్య అనుకుంది. సాయంత్రానికి ఆయనకు అదనంగా రోడ్ల శాఖ కూడా ఇచ్చారు.

* * *

అద్దాల బీరువాలోని పరికరాన్ని తీసి పారేయమని డైరీకి ఆర్డరు వచ్చింది. బీరువా తెరిచాడు. పారేసేదానికి రిబ్బన్ ఎందుకని, ముచ్చటపడి కట్టిన ముడిని తనే విప్పాడు.

రిబ్బన్ కింద పసుపు క్లిప్పు ఉంది. ఎక్కడిదక్కడే, కదలకుండా. గాజు కిటికీలో నీలం మందు నిండుగా ఉంది.

డైరీ దాన్ని జేబులో వేసుకుని పరిశోధనాలయానికి పరుగెత్తాడు. డాక్టరమ్మ అట్టపెట్టెల్లో పుస్తకాలు సర్దుకుంటోంది. పరికరాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది.

"చుక్క కూడా పోలేదు," అంది. "ఆయన ముక్కులోకి వెళ్ళింది గాలి."

"అయితే ఇది మా బావకి..."

"ఇన్నాళ్ళూ దీపాల కింద ఉడికింది బాబూ. ఇప్పుడిది మందు కాదు, రంగు నీళ్ళు." ఒక్కసారిగా ఆమె గొంతు మారింది. "కానీ వెళ్ళి చెప్పండి. సైడ్ ఎఫెక్ట్ ఎక్కడిది? మందు లోపలికి వెళ్ళనే లేదని చెప్పండి. ఫైలు మళ్ళీ తెరవక తప్పదు. మీ బావకి కొత్తది నేను తయారుచేస్తాను."

డైరీ గుమ్మం దాకా వెళ్ళాక వెనక నుంచి అడిగింది. "మరి ఆ తలుపు సంగతి ఎలా...?"

డైరీ అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

మంత్రిగారు గదిలో ఒంటరిగా రోడ్ల మ్యాపు చూసుకుంటున్నారు. డైరీ పరికరాన్ని బల్ల మీద పెట్టాడు. ముడి వేసింది తనేనని ఒప్పుకున్నాడు. క్లిప్పు చూపించాడు, కిటికీ చూపించాడు. మందు లోపలికి వెళ్ళలేదని రెండుసార్లు చెప్పాడు.

మంత్రిగారు క్లిప్పును గోటితో తట్టి చూశారు. పరికరాన్ని సొరుగులో వేసి తాళం పెట్టారు.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు సార్." డాక్టరమ్మ పేరు ఎత్తడానికి ఎందుకో నాలుక తిరగలేదు. "సార్, మందు తప్పేమీ లేదు కాబట్టి... ఆ ఫైలు మీద ఒక్క సంతకం. మా బావ సార్. మీ తర్వాత మొదటివాడు మా బావేనన్నారు."

మంత్రిగారు తలెత్తి చూశారు. ముఖంలో ఎక్కడా కల్మషం లేదు. అప్పుడే పుట్టిన పాపాయి లోకాన్ని చూసినంత స్వచ్ఛంగా చూశారు.

"ఏ బావయ్యా?"

డైరీ నమస్కారం పెట్టి తలుపు దాకా నడిచాడు. జేబులో ఫోన్ మోగుతోంది. అక్క.

"అన్నట్టు," అన్నారు మంత్రిగారు మ్యాపు మీంచి తల ఎత్తకుండానే, "మీ అక్క వాళ్ళింటికి నా తరఫున ఒక పళ్ళబుట్ట పంపించు. బత్తాయిలు వెయ్యనీకు. ఆయనకు దగ్గు."