తొమ్మిదో ర్యాంకు కాలేజీ

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. హాల్లో నాన్న, కంప్యూటర్ ముందు అక్క, వంటింట్లో బాబాయి, ఆయనకు టీ వడపోస్తూ చిన్నది. నర్సుగా పనిచేసే అమ్మ పొద్దున్నే డ్యూటీకి వెళ్ళింది. మేడ మీద బాబాయి గదిలో ఎవరూ లేరు. అప్పటికి అందరూ అలాగే అనుకున్నారు.

మధ్యాహ్నం పన్నెండులోగా అక్క ఆన్‌లైన్‌లో ఇంజనీరింగ్ కాలేజీని ఎంచుకోవాలి. ఆమె మనసంతా ముప్పై ఎనిమిదో ర్యాంకు కాలేజీ మీదే ఉంది. చూడటానికి వెళ్ళినప్పుడు అక్కడి మేడం సిమెంటు దిమ్మను యంత్రంలో పెట్టి, మీట అక్క చేతికే ఇచ్చింది. దిమ్మ పగిలిన చప్పుడు అక్క ఇంకా మర్చిపోలేదు. నాన్న గడియారాలు బాగుచేస్తాడు. ఆయన లెక్కలో ముల్లు ఎక్కడ నిలిస్తే అదే టైము, పత్రికలో ఏది అచ్చయితే అదే ర్యాంకు.

"పైన ఎనిమిదీ మనకు అందవు. తొమ్మిదోది పెట్టు," అన్నాడు.

"దాని పేరు వెబ్‌సైట్‌లోనే లేదు నాన్నా."

"గొప్పవాళ్ళు అందరిలో కలుస్తారా? ఉండు, ఫోన్ చేసి కనుక్కుంటా."

వంటింట్లో బాబాయి గ్లాసు కిందపెట్టాడు. ఆ ర్యాంకులు వేసే పత్రికలోనే ఆయన ప్రూఫులు దిద్దుతాడు.

"చిన్నా, మీ నాన్నకు చెప్పకు. ఆ కాలేజీ లేదు."

"లేకపోవడమేంటి బాబాయ్?"

"మా జాబితాను ఇంకో పత్రికవాళ్ళు కాపీ కొడుతున్నారు. లేనిదాన్ని కూడా అచ్చేస్తే దొరికిపోతారని మూడేళ్ళ కిందట ఒక కాలేజీని నేనే పుట్టించా. నా గది ఫోన్ నంబరే వేసి, తొంభయ్యో స్థానంలో పెట్టా."

"మరి తొమ్మిదికి ఎలా వచ్చింది?"

"సర్వేవాళ్ళు జనాన్ని అడుగుతారు, ఇది ఎలాంటి కాలేజీ అని. తెలీదంటే నామోషీ కదా, మంచిదే అంటారు. అలా ఏటేటా దానంతటదే ఎక్కుతోంది. తీసేద్దామంటే మా ఎడిటర్ ఒప్పుకోడు. ఆయన తోడల్లుడి కొడుకు అందులోనే చదువుతున్నాడట."

హాల్లో నాన్న నంబరు నొక్కాడు. మేడ మీద ఫోను మోగింది.

"మోగనీ," అన్నాడు బాబాయి. "ఎవరూ ఎత్తకపోతే ఆయనే ఊరుకుంటాడు."

మూడోసారి మోగి, మధ్యలో ఆగిపోయింది.

"అలాగేనండీ... అలాగే," అని నాన్న మెల్లగా పెట్టేశాడు. "క్రమశిక్షణంటే అదీ. క్లాసు జరుగుతోందట, గట్టిగా మాట్లాడొద్దన్నారు."

పైకప్పు మీద కుర్చీలు జరిగిన చప్పుడైంది. బాబాయి గదిలో ఉన్నది ఒక్కటే కుర్చీ. ఇప్పుడు జరిగినవి చాలా.

బాబాయీ, చిన్నదీ బయటి మెట్లెక్కారు. పై మెట్ల మీద చెప్పులు వరసగా ఉన్నాయి, అన్నీ గది వైపే తిరిగి. పదహారు జతలు. లోపల పక్కింటి రిటైర్డ్ ప్రిన్సిపాల్ సుద్దముక్కతో గోడ మీద రాస్తున్నాడు. బాబాయి గదిలో లేనప్పుడు పాత పత్రికలు చదువుకోవడానికి రోజూ వచ్చే మనిషి. ఎదురుగా పిల్లలు, తల్లిదండ్రులు. ఒక్కరూ కదలడం లేదు.

"ఫోన్లు వస్తూనే ఉన్నాయయ్యా," అన్నాడు ప్రిన్సిపాల్ వెనక్కి తిరగకుండానే. "కాలేజీ లేదంటే పిల్లలు ఏమైపోతారు? రమ్మన్నాను. కుర్చీలు మా డాబా మీంచి పిట్టగోడ దాటించాం."

"కానీ సార్, ఈ కాలేజీ..."

"కూర్చో."

బాబాయి చివరి కుర్చీలో కూలబడ్డాడు. చప్పుళ్ళు విని నాన్న కూడా పైకి వచ్చాడు. గోడను చూశాడు, నిండిన కుర్చీలను చూశాడు. చెప్పులు విడిచి చేతులు కట్టుకున్నాడు.

కింది నుంచి అక్క అరిచింది. "చిన్నా, నాన్న ఫోన్‌కి కోడ్ వచ్చింది. అంకెలు చెప్పు. నాలుగు నిమిషాలే ఉంది."

చిన్నది ఇంటికి చుట్టాలొస్తేనే తలుపు చాటుకు పోతుంది. ఇప్పుడు ముఖాలన్నీ ఒక్కసారే దానివైపు తిరిగాయి.

"నాన్నా... కోడ్."

నాన్నకు వినపడలేదు. "మా పెద్దమ్మాయికి ఒక్క సీటు..." అంటున్నాడు.

"నిండిపోయాయి," అన్నాడు ప్రిన్సిపాల్.

నాన్న నిట్టూర్చి ఫోను చిన్నదాని చేతిలో పెట్టాడు. "ఆ ముప్పై ఎనిమిదోదే పెట్టుకోమను. అన్నిటికీ రాసిపెట్టి ఉండాలి."

చిన్నది మెట్ల అంచున నిలబడి, ముప్పై ఎనిమిదోదే పెట్టమన్నాడంటూ ఆరంకెలూ అరిచింది. దాని గొంతు వీధి చివరిదాకా వినిపించడం అదే మొదలు. "అయిపోయింది, పెట్టేశా," అంది కింద అక్క, ఏడుపో నవ్వో తెలియకుండా.

చిన్నది వెనక్కి వచ్చి గుమ్మంలో నిలబడింది. నాన్న గోడవారగా నేల మీద కూర్చుని ఉన్నాడు.

"బాబాయ్, రా, పోదాం."

బాబాయి తలెత్తలేదు. గోడ మీదున్నది శ్రద్ధగా కాగితం మీదికి ఎక్కించుకుంటున్నాడు.

ప్రిన్సిపాల్ గుమ్మం దాకా వచ్చాడు. "ఆలస్యంగా వచ్చినవాళ్ళకు హాజరు వెయ్యనమ్మా," అని తలుపు వేసేశాడు.