బాత్రూం లెక్కలోకి వచ్చిన వారం

నా బతుకులో నాదంటూ ఇప్పుడు మిగిలింది రోజుకి పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ తలుపు బయట మా అత్తగారు, అంటే మా ఆవిడ వాళ్లమ్మ, కుర్చీ వేసుకుని కూర్చుంటారు. నవ్వకండి. ఇది చేతులారా తెచ్చుకున్నది.

మా ఇంట్లో టీవీ పొద్దున్న మొదలైతే అందరూ పడుకునేదాకా ఆగదు. అందులో వచ్చే సీరియల్లో ఒక కోడలు రెండేళ్లుగా ఆస్పత్రిలో స్పృహ లేకుండా పడి ఉంది. ఆవిడ మంచం మీంచి లేవదు, మా అత్తగారు సోఫాలోంచి లేవరు. ఆ గోల పడలేక నేను పొద్దున ఓ అరగంట, సాయంత్రం ఓ అరగంట వేడినీళ్ల స్నానం అలవాటు చేసుకున్నాను. ఇల్లు మొత్తం మీద నన్నెవరూ ఏమీ అడగని చోటు అదొక్కటే.

ఇంతలో మా అమ్మాయి స్కూల్లో నేర్పారని ఫోనులో ఒక ఆట తెచ్చింది. ఏ వస్తువు ఎన్ని గంటలు వాడుతున్నామో నొక్కితే అందులోని క్యాలిక్యులేటరు కరెంటు లెక్క కట్టి, అన్నిటికంటే ఎక్కువ మింగేదాన్ని కోరలున్న రాక్షసుడిగా చూపిస్తుంది. అనవసరంగా నడిచేవి ఆపిన వాళ్లకి పాయింట్లు. టీవీ పీడ విరగడయ్యే దారి దొరికిందని పొంగిపోయాను.

"వారం ఆడదాం. రాక్షసుడిగా తేలిన వస్తువు ఇంట్లోంచి పోవాలి," అని కాగితం రాసి అందరినీ సంతకాలు పెట్టమన్నాను. మా ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. కత్తెర పక్కన పెట్టి నావంక చూసింది.

"ఏ వస్తువైనా సరేనా అండీ?"

"ఏదైనా సరే."

"తర్వాత మాట మార్చరుగా?"

"నేనెప్పుడైనా మార్చానా?"

"అయితే ఆ ముక్క కూడా రాయండి."

రాశాను. అక్కడే నా కొంప మునిగింది.

ఆ వారం ఇల్లు ఇల్లులా లేదు. నేను లైట్లార్పిన హాల్లో అత్తగారు ముక్కాలిపీట తన్నుకుని కుంటడం మొదలుపెట్టారు. ఫ్రిజ్ ఆపాను, పాలు విరిగిపోయాయి. మా ఆవిడ తను కుట్టిన చొక్కా ఇస్త్రీ చేస్తుంటే ప్లగ్గు పీకాను. ఆ సగం ఇస్త్రీ చొక్కాతో కోర్టుకెళ్లిన పక్కింటి ప్లీడరుగారు ఇప్పటికీ నాతో మాట్లాడరు. అత్తగారు మాత్రం తక్కువ తిన్నారా? నేను కునుకు తీస్తుంటే ఫ్యాన్ ఆపేసి, "పది పాయింట్లు, అల్లుడుగారూ!" అని కుంటుకుంటూ వెళ్లిపోయేవారు.

ఆదివారం అందరం ఫోను చుట్టూ చేరాం. హాలు, వంటిల్లు, పడకగది, కుట్టుమిషను మూల అంటూ నేను చెబుతుంటే అమ్మాయి నొక్కింది. రాక్షసుడు అచ్చంగా టీవీ ఆకారంలో వచ్చాడు. అత్తగారి మొహం వాడిపోయింది.

"బాత్రూం నొక్కావా అమ్మలూ?" అంది మా ఆవిడ, సూదిలో దారం ఎక్కిస్తూ.

"నాన్న చెప్పలేదమ్మా."

"బాత్రూంలో కరెంటేముందే? నీళ్లే కదా!" అన్నాను.

ఒట్టు, నాకు తట్టలేదు. గీజరు స్విచ్చి తలుపు బయట ఉంది. పెళ్లయిన దగ్గర్నుంచీ దాన్ని వేసేదీ, ఆపేదీ మా ఆవిడే. నాకు తెలిసింది కుళాయి ఒక్కటే. తిప్పితే వేడినీళ్లు వచ్చేవి.

అమ్మాయి గీజరు నొక్కింది. టీవీ రాక్షసుడు మాయమై, ఒళ్లంతా సబ్బు నురుగుతో ఇంకొకడు ఫోను నిండా లేచాడు.

"కాగితం తెమ్మంటారా?" అంది మా ఆవిడ.

"గీజరు తీయించకే," అన్నాను. "నాకు ఇంకేం ఉందే ఈ ఇంట్లో?"

ఎవరూ నవ్వలేదు. ఆవిడ సూదిని బట్టలో గుచ్చి నా వైపు తిరిగింది.

"తీయించనులెండి. రోజుకి పది నిమిషాలు వాడుకోండి. స్విచ్చి దగ్గర అమ్మ కూర్చుంటుంది."

టీవీ ఉన్నచోటే ఉంది. అత్తగారు పొద్దున్నే స్విచ్చి కింద కుర్చీ వేసుకుని, ఊరికే కూర్చోలేక, ముందురోజు కథంతా తలుపులోంచి నాకు వినిపిస్తున్నారు. చెవుల్లో నీళ్లు పోసుకున్నా వినిపిస్తుంది.

నిన్న, "కోడలు వేలు కదిపింది అల్లుడుగారూ!" అన్నారు.

సబ్బు చేతిలోనే ఆగిపోయింది. "ఏ వేలు?" అన్నాను.

స్విచ్చి టక్కుమంది. "పది నిమిషాలయ్యాయి. మిగతాది రేపు."

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విప్పి, నేరుగా టీవీ ముందుకెళ్లాను. అత్తగారు కాస్త జరిగి చోటిచ్చారు.