నరసింహస్వామికి మనియార్డరు

ఆ రోజు ఉదయం ఓబుళేశు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి లేవాలి, ఇనప్పెట్టెలోని పోస్టాఫీసు నగదు రెండుసార్లు ఎంచాలి, స్నానం చేసి తెల్లచొక్కా తొడుక్కోవాలి, తర్వాత ఇన్‌స్పెక్టరు వచ్చేదాకా దేన్నీ ముట్టకుండా కూర్చోవాలి. మైదుకూరు పక్కనున్న ఆ పల్లెకు అతనే బ్రాంచి పోస్టుమాస్టరు. ఆఫీసంటే అతని ఇంటి ముందుగదే. పోయిన తనిఖీలో నలభై రూపాయలు తక్కువొచ్చి మెమో అందుకున్నాడు. ఈసారి రూపాయి తేడా వచ్చినా ఇంట్లో కూర్చోబెడతామని అందులో స్పష్టంగా రాశారు. ఇంట్లో కూర్చుంటే తినేదేమిటి? మూడేళ్లుగా పొలం శనగ విత్తనాల ఖర్చు కూడా తిరిగి ఇవ్వడం లేదు.

ఎంచాడు. నాలుగు వేల మూడు వందల పన్నెండు. పుస్తకంలోనూ అంతే. మళ్లీ ఎంచాడు, మళ్లీ అంతే. పెళ్లినాడు కూడా ఇంత సంతోషం కలగలేదు అతనికి. పెట్టె మూత వేసి హాయిగా స్నానానికి పోయాడు.

పది గంటలకు ఇన్‌స్పెక్టరు భూపేష్ మోటారుసైకిలు దిగాడు. కర్నూలు మనిషి, ముప్పై ఏళ్లు నిండలేదు, నిబంధనలన్నీ నోటికి వచ్చు. వస్తూనే పెట్టె తెరిచాడు. నోట్ల కట్ట మీద పసుపుగుడ్డ మూట ఒకటి దర్జాగా కూర్చుని ఉంది.

ఓబుళేశు చూడగానే గుర్తుపట్టాడు. అది భార్య సుబ్బలక్ష్మమ్మ కట్టిన ముడుపు. దేవుడికి మొక్కుకుంటే దుడ్డు పసుపుగుడ్డలో కట్టి పటం దగ్గర పెట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. పటం దగ్గర ఎలుకలు తిరుగుతున్నాయని ఆమె మూడు రోజులుగా గొణుగుతూనే ఉంది. ఇతను స్నానానికి పోయిన సందు చూసి, ఎలుక దూరని చోట పెట్టేసింది. సర్కారు పెట్టెలో సొంత డబ్బు కలపడం నలభై రూపాయల కంటే పెద్ద నేరం.

"ఏమప్పా, ఇదేంది?" అన్నాడు భూపేష్.

"ఆఫీసు దుడ్డే సార్," అనేశాడు ఓబుళేశు. అన్నాక తనే అదిరిపోయాడు.

భూపేష్ మూట విప్పి ఎంచాడు. వెయ్యిన్నూట పదహారు. "పుస్తకంలో యాడుండాది ఇది?"

"ఇప్పుడే వచ్చింది సార్. మనియార్డరు. ఇంకా ఎక్కించలేదు."

"ఎవరు పంపుతాండారు?"

"నా భార్య సార్, సుబ్బలక్ష్మమ్మ."

"ఎవరికి?"

ఆ క్షణంలో ఓబుళేశుకు లోకంలో ఇంకెవరి పేరూ గుర్తు రాలేదు. "నరసింహస్వామికి సార్. అహోబిలం."

భూపేష్ మూటను అతని వైపు జరిపాడు. "మంచిది. నా ముందరే బుక్ చెయ్యి."

మనియార్డర్లు ఎక్కించే చేతిమిషను స్వామివారి ఫోన్ నంబరు అడిగింది. "దేవస్థానం ఆఫీసుది పెట్టప్పా," అని భూపేషే వెతికి ఇచ్చాడు. తర్వాత సందేశం. సొంతంగా రాయడానికి లేదు, మిషనులో ముందే ఉన్న వాటిలో ఒకటి ఎంచుకోవాలి. పుట్టినరోజు శుభాకాంక్షలు, బడి ఫీజు, వైద్యం ఖర్చు, ఇలా ఉన్నాయి. చాలా ఆలోచించి, 'డబ్బు అందగానే జాబు రాయగలరు' అన్నది నొక్కాడు.

ఇరవై రూపాయలకు రూపాయి చొప్పున కమిషను యాభై ఆరు. అది ముడుపులో లేదు. ఇందాక ఎక్కువైన నగదు ఇప్పుడు యాభై ఆరు తక్కువైంది. ఓబుళేశు జేబులోంచి ఒక యాభై, ఒక పది తీసి పెట్టెలో వేశాడు. నాలుగు రూపాయలు ఎక్కువైంది. పెట్టెలో చిల్లర లేదు. చెమటలు కక్కుతూ తనకు తానే నాలుగు రెవెన్యూ స్టాంపులు అమ్ముకున్నాడు. లెక్క సరిపోయింది. రసీదు వచ్చింది. తనిఖీ చేసినట్టు భూపేష్ దాని మీద పొడి సంతకం కూడా పెట్టాడు.

అప్పుడే మజ్జిగ గ్లాసులతో సుబ్బలక్ష్మమ్మ వచ్చింది. బల్లమీద విప్పిన గుడ్డ చూసి గ్లాసులు ఠపీమని కింద పెట్టింది.

"అయ్యయ్యో! స్వామి ముడుపు ఎవరిప్పినారయ్యా? కొండెక్కి నా చేత్తో హుండీలో ఎయ్యాల్సింది గదా!"

"పోస్టులో పంపినాం లేమ్మే," అన్నాడు ఓబుళేశు పీలగా.

"దేవునికి పోస్టులోనా? నీకు మతి ఉండాదా?"

భూపేష్ కలం తీశాడు. ఓబుళేశుకు పన్నెండేళ్ల ఉద్యోగం కళ్లముందే మూట కట్టుకుని పోతున్నట్టనిపించింది. "అమ్మా, ఏం మొక్కుకున్నావు?" అని అడిగాడు భూపేష్.

"ఇంగేముంది నాయనా, ఈయప్ప పెట్టెలో రూపాయి తేడా లేకుండా ఈ తనిఖీ గట్టెక్కాలని!"

భూపేష్ పెట్టెవంక చూశాడు, పుస్తకంవంక చూశాడు. రూపాయి తేడా లేదు. తర్వాత రసీదు మీద తన సంతకంవంక చాలాసేపు చూశాడు.

"ఇప్పుడు నేను నిజం రాస్తే," అన్నాడు నెమ్మదిగా, "దొంగ మనియార్డరు దగ్గరుండి చేయించింది నేనే అవుతాను. ఫోన్ నంబరు గూడా నేనే ఇచ్చినా." మజ్జిగ తాగి, 'నగదు సరిగా ఉన్నది. మనియార్డరు సేవను ప్రజల్లోకి తీసుకుపోతున్నారు' అని రాసి బండెక్కాడు.

నెల తిరక్కుండా పై ఆఫీసు నుంచి కవరు వచ్చింది. ఫోన్లలో డబ్బు పంపుకునే ఈ రోజుల్లో మనియార్డరు బుక్ చేసినందుకు ఓబుళేశుకు ప్రశంసాపత్రం. దాని కిందే ఇంకో కాగితం: ఇకమీదట ఆ బ్రాంచి నెలకు పది మనియార్డర్లు చేయాలి, చేయకపోతే సంజాయిషీ ఇవ్వాలి.

ఓబుళేశు గోడకు ఆనుకుని కూలబడ్డాడు. సుబ్బలక్ష్మమ్మ మాత్రం ప్రశంసాపత్రాన్ని కళ్లకద్దుకుంది.

"సూసినావా, పోస్టులో పోయినా స్వామికి అందింది! ఆ పది గూడా కావాలని ఇప్పుడే మొక్కుకుంటా ఉండు," అంటూ లోపలికి నడిచింది.

ఓబుళేశు లేచి ఇనప్పెట్టెకు తాళం వేసి, తాళంచెవిని మొలతాడుకు కట్టుకున్నాడు.