స్టేషనంతా పెదవి మంట

ఆ ఉదయం అనౌన్సర్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. చెల్లెలు నెలల పిల్లను తీసుకుని తొలిసారి అతనింటికి వస్తోంది. ఆ రైలు రాకను స్టేషన్ మైకులో తనే ప్రకటించాలి, డ్యూటీ దిగగానే మేనకోడలిని తనివితీరా ఎత్తుకోవాలి. అడ్డమల్లా ఒక్కటే, అతని కింది పెదవి.

ఆ పెదవి మీద కొన్నాళ్ల కిందట నీటిపొక్కులు లేచాయి. పొక్కులు ఎండి పెచ్చు కట్టాయి, ఆ పెచ్చు కూడా రాలిపోయింది. ఎరుపూ మంటా మాత్రం కాళ్లు చాపుకుని కూర్చున్న చుట్టంలా కదలడం లేదు.

"ఇంకా తగ్గలేదంటే ఇంకా అంటుతుందనే అర్థం," అని భార్య తేల్చేసింది. అతని గ్లాసు వేరు, తువ్వాలు వేరు, చివరికి అతను మాట్లాడేటప్పుడు ఆవిడ నిలబడే చోటు కూడా వేరు. మందుల షాపు నుంచి పుదీనా, దాల్చినచెక్క ఘాటు కొట్టే పెదవుల బామ్ తెచ్చి, పెచ్చు రాలిన నాటి నుంచి పూటపూటా రాయిస్తోంది.

"ఇది మండుతోందే," అన్నాడతను.

"మండుతోందంటే పని చేస్తోందన్నమాట. నోరు మూసుకుని రాసుకోండి."

"నోరు మూసుకుంటే ఇంకా మండుతోంది."

వ్యవహారం ఇంటితో ఆగితే బాగుండేది. స్టేషన్ వాళ్ల గతేమిటని భార్యకు బెంగ పట్టుకుంది. అవే డబ్బాలు మరికొన్ని కొని, మొన్న స్వయంగా వెళ్లి, స్టేషన్ మాస్టర్‌తో సహా తలా ఒకటి పంచింది. "ముందుజాగ్రత్తకండీ. మా ఆయన పెదవిది అంటుకునే రకం," అని రహస్యంగా చెప్పింది. ఆవిడ రహస్యం పార్సిల్ ఆఫీసు దాకా వినిపించింది.

ఆ పొద్దున అతను తన గదిలోకి వెళ్లేసరికి మైకుకు ప్లాస్టిక్ కవరు తొడిగి, రబ్బరు బ్యాండు బిగించి ఉంది. టికెట్ క్లర్కు తలుపు అవతలే ఆగిపోయాడు. అతని పెదవులు కూడా ఎర్రగా వాచి ఉన్నాయి.

"నాకు అంటించేశావు గురూ," అన్నాడు క్లర్కు. "నిన్నటి నుంచి ఒకటే మంట. మాస్టర్ గారికి మరీనూ."

"నేను నీ దరిదాపులకైనా రాలేదు కదయ్యా."

"రోజంతా నీ గొంతు వింటున్నాను కదా. స్పీకర్లోంచి వచ్చుంటుంది."

తప్పు చేసినవాడిలా అనౌన్సర్ ఇంకో పొర బామ్ పట్టించి, పైన మాస్కు పెట్టుకున్నాడు. ఇక పెదవికి పెదవి తగిలితే ప్రాణం పోతోంది. పెదవులు కలవకుండా ప, బ, మ పలకడం ఎవరి తరం? చెల్లెలి రైలు సిగ్నల్ దాటగానే అతను మైకు మీట నొక్కాడు.

"రయాణికులకు అనవి. రైలు ఊడో లాట్‌ఆరం ఈదకు వచ్చుచున్నది."

కవరు గరగరల్లో 'ఊడో' కాస్తా 'ఏడో' అయింది. మూడో ప్లాట్‌ఫారం మీది జనమంతా పెట్టెలు నెత్తిన పెట్టుకుని వంతెన ఎక్కారు. అందరికంటే ముందు పరిగెత్తింది, ఆడపడుచును దింపుకోవడానికి వచ్చిన అతని భార్య. ఏడో ప్లాట్‌ఫారం మీద బొగ్గు నింపుకున్న గూడ్సు బండి ఒకటి తాపీగా నిలబడి ఉంది. పొరపాటు సరిదిద్దాలని అతను "ఊడో, ఊడో" అని నొక్కి చెప్పాడు. దాంతో రైలుకి ఏదో ఊడిందట అన్న వార్త వంతెన మీద అంటుకుంది.

చెల్లెలు మూడో ప్లాట్‌ఫారం మీద పిల్లతో దిగింది. నరమానవుడు లేడు. అన్నయ్య గది వెతుక్కుంటూ వచ్చేసరికి అక్కడ స్టేషన్ మాస్టర్, క్లర్కు, పార్సిల్ గుమస్తా గొడవ పడుతున్నారు. అందరి పెదవులూ మిరపపండ్లే. ఆమె పిల్ల మొహం మీదకు దుప్పటి లాగి గుమ్మంలోనే ఆగిపోయింది.

"దగ్గరికి రాకు అన్నయ్యా. వదిన చెబితే నీ ఒక్కడికే అనుకున్నాను. ఇక్కడ ఆఫీసుకి ఆఫీసే ఇలా ఉందే."

చాచిన చేతులను ఏం చేసుకోవాలో తెలియక అతను జేబుల్లో పెట్టుకున్నాడు.

స్టేషన్ మాస్టర్ కబురు పెడితే రైల్వే డాక్టరమ్మ వచ్చింది. అందరినీ వరసగా నిలబెట్టి పెదవులు చూసింది. అనౌన్సర్ దగ్గర ఎక్కువసేపు ఆగింది.

"మీ పొక్కులు ఎప్పుడో మానిపోయాయి. కొత్త చర్మం కూడా వచ్చేసింది. ఇప్పుడు వీటి నుంచి అంటుకునే భయం పెద్దగా లేదు. ఈ మంట వేరే. ఏం రాస్తున్నారు?"

అతను డబ్బా తీశాడు. క్లర్కూ తీశాడు. గుమస్తా తీశాడు. స్టేషన్ మాస్టర్ కాసేపు అటూ ఇటూ చూసి సొరుగు లాగాడు. డాక్టరమ్మ ఒక డబ్బా వాసన చూసి కళ్లు తుడుచుకుంది.

"మీ అందరికీ అంటింది ఇదండీ. ఈ ఘాటు పడక పెదవులు వాచాయి. బుట్టలో పారేసి, వాసన లేని వాజలీన్ రాసుకోండి."

"పాపను ఎత్తుకోవచ్చా?" అని అడిగాడు అనౌన్సర్.

"చేతులు కడుక్కుని ఎత్తుకోండి. పసిపిల్ల కదా, ముద్దులు మాత్రం ఇప్పుడే వద్దు."

చెల్లెలు దుప్పటి తీసి పిల్లను అతని చేతుల్లో పెట్టింది. పిల్ల అతన్ని తేరిపార చూసి చొక్కా గుండీ గుప్పెట్లో బిగించింది.

అప్పుడు ఏడో ప్లాట్‌ఫారం నుంచి రొప్పుతూ భార్య వచ్చింది. సంగతంతా విని, బుట్టలోని డబ్బాలను, చుట్టూ ఉన్న మూతులను ఒకసారి కలియజూసింది.

"ఏమైతేనేం, నేను ఆ బామ్ పంచబట్టే కదా ఒక్కరికీ పొక్కు రాలేదు," అంది.