దామెన అనే మాటకు లైఫ్ సర్టిఫికెట్

దేన్నైనా కట్టి ఉంచేది తాడు కాదు, తాడుకున్న పేరు. అందుకే ఏటా నవంబరులో జనం కలెక్టరాఫీసుకొచ్చి, తాము వాడే పేర్లు ఇంకా బతికే ఉన్నాయని లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చిపోతుంటారు. పేరు చచ్చిందంటే, దానితో కట్టిందల్లా ఎక్కడిదక్కడ ఊడిపోతుంది. ఎద్దు మెడను కాడికి బిగించే 'పట్టెడ' కోసం పోయినేడు ఎవరూ రాలేదు. డిసెంబరు ఒకటో తారీకున జిల్లాలో మిగిలిన పదకొండు జతల ఎద్దులూ కాడి వదిలించుకుని పక్క చేలల్లో పడి మేశాయి. రైతులు రెండు రోజులు కర్రలు పట్టుకుని తిరిగి, మూడో రోజున ట్రాక్టరు మాట్లాడుకున్నారు.

యలమంద వచ్చింది 'దామెన' కోసం. దామెనంటే కొట్టంలో రెండు గుంజల మధ్య లాగి కట్టిన పొడుగాటి తాడు. దానికి వరసగా ఉచ్చులుంటాయి, ఒక్కో ఉచ్చుకు ఒక్కో పశువు. ఒకప్పుడు అతనికి పన్నెండు గొడ్లుండేవి. ఇప్పుడొక గేదె ఉంది. డెబ్బై ఏళ్ళ మోకాళ్ళతో బంధన పదాల విభాగానికి మూడంతస్తులెక్కి రావడం ఇది నాలుగోసారి. మొదటిసారి భోజనాల వేళ, రెండోసారి సెలవు, మూడోసారికి ఫారం రంగు మారింది.

సూపరింటెండెంటు భ్రమరాంబ ఫారం మీద వేలు పెట్టి చదివింది. "అర్థం సరిగ్గానే రాయించావు. పుట్టుక అన్నచోట ఊరి పేరేంటి?"

"మా ఇంటిదాని పుట్టిల్లండి. మా వైపు అందరం తాడనే అంటాం. కాపరానికొస్తా ఆ మాట ఆమె తెచ్చుకుంది."

"వాడుక?"

"పొద్దున్నే ఆమె అడిగేదండి, దామెన కాడ తడి ఆరిందా అని. నేను ఆరిందనేవాణ్ణి."

"ఆవిడ్ని పిలువు. రెండో సంతకం కావాలి."

"ఎండాకాలంలో పోయిందండి."

భ్రమరాంబ కలం మూత పెట్టింది. అనేవాళ్ళొకరు, అర్థం చేసుకునేవాళ్ళొకరు ఉంటేనే అది మాట. ఒక్కరి నోట్లో మిగిలినదాన్ని గొణుగుడు కింద జమకడతారు. గొణుగుడుకు సర్టిఫికెట్ ఇచ్చే అధికారం జిల్లా స్థాయిలో ఎవరికీ లేదు. ఆవిడ చెడ్డ మనిషేం కాదు. ఈ పాత మాటలన్నిటినీ ఇప్పుడు 'లాక్' అన్న ఒక్క మాటలో కలిపేస్తున్నారనీ, తలుపులూ పడవలూ ఉయ్యాలలూ మంగళసూత్రాలూ చేరిపోయాయనీ, ఇష్టపూర్వకంగా అని రాసి వేలిముద్ర వేస్తే గేదెను కూడా చేర్చేస్తాననీ నిదానంగా చెప్పింది.

యలమంద చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పోయిన భార్య కోటమ్మ చీరలు ఆమె చెల్లెళ్ళు పంచుకున్నారు. ఫోటో ఎప్పుడూ తీయించలేదు. పిల్లల్లేరు. ఆమె పుట్టింటికి వెళ్ళి అడిగితే, ఆ మాటేంటి మావయ్యా అని నవ్వారు. ఆమె నోటి నుంచి అతనికి మిగిలింది అదొక్కటే. అదీ పోతే ఆమె ఆ ఇంట్లో నలభై ఏళ్ళు మసిలిందని ఎవరికి తెలుస్తుంది?

"మా గేదెకు తెలుసండి ఆ మాట," అన్నాడు. "దామెన అంటే చాలు, వచ్చి మెడ పెడద్ది."

భ్రమరాంబ నిబంధనల పుస్తకం తీసింది. 'అర్థం చేసుకునేవారు' అని ఉంది గాని, మనిషే అయి ఉండాలని ఎక్కడా లేదు. పరీక్షకు తేదీ వేసింది.

గురువారం పదకొండు గంటలకు గేదెను కార్ల షెడ్డులో నిలబెట్టారు. యలమంద సొంత మనిషి గనక పిలవకూడదు. భ్రమరాంబే కాగితం చూసి, "దామెన," అని చదివింది. గేదె నాలుగడుగులు వేసి ఆవిడ ముందు మెడ వంచింది. చూస్తున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. యలమంద తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని, "నేను చెప్పలా!" అన్నాడు.

"ఇంకో మాటతో కూడా సరిచూడాలి," అని ఆవిడ గేదెను వెనక్కి తోలించి, "లాక్," అంది. గేదె మళ్ళీ నాలుగడుగులు వేసి మెడ వంచింది.

నిక్కచ్చి మనిషి కావడం వల్ల ఆవిడ అక్కడితో ఆపలేదు. నకలు అంది. జతపరచడమైనది అంది. తగు చర్య నిమిత్తం అంది. అన్నిటికీ గేదె ఒకే తీరుగా వచ్చి మెడ పెట్టింది.

"ఎన్నేళ్ళ నుంచి కట్టేస్తున్నావు?"

"పద్నాలుగేళ్ళండి."

"మరింక దానికి మాటతో పనేముంది, పెద్దాయనా?" అంది భ్రమరాంబ. ఎగతాళిగా అనలేదు, మెడలోని 'లాక్' బిళ్ళ సవరించుకుంటూ అలిసిపోయిన గొంతుతో అంది. "మా ఇంట్లో కూడా అన్నీ మార్పించాను. నాలుగు రోజులు ఇదిగా ఉంటది, తర్వాత గుర్తు కూడా ఉండదు."

యలమంద వేలిముద్ర వేశాడు. ఇంకు తలకు రాసుకుని, ఆ మాట ఒకసారి లోపల అనుకుందామని చూశాడు. నాలుక దాకా వచ్చినట్టే వచ్చి రాలేదు.

అంతలో అటెండరు, భ్రమరాంబ మెడలో ఉన్నటువంటి బిళ్ళ ఒకటి పట్టుకొచ్చి, "వెరిఫైడ్!" అని కేకేశాడు. ఆ మాటకు అర్థం యలమందకు తెలీదు. నాలుగడుగులు ముందుకేసి మెడ వంచాడు. గేదె వచ్చి అతని పక్కన నిలబడింది. అటెండరు దగ్గరగా ఉన్న మెడకు బిళ్ళ తగిలించి, రెండోదానికి ఇంకొకటి తెమ్మని లోపలికి కబురు పెట్టాడు.