అభిప్రాయం తప్పనిసరి

"ఈ నెలాఖరుకల్లా మన పట్టణంలో అభిప్రాయం లేని మనిషి ఒక్కడు కూడా ఉండడానికి వీల్లేదు!" అని మంత్రిగారు టౌన్‌హాల్లో ప్రకటించినప్పుడు ముందుగా చప్పట్లు కొట్టింది నేనే. నాది జెరాక్సు షాపు. ప్రభుత్వం ఏ పథకం పెట్టినా జనానికి నాలుగు కాపీలు కావాలి. అందుకని పథకాలంటే నాకు మొదట్నుంచీ గౌరవం.

మంత్రిగారు పదకొండు రోజులు విదేశాలు చుట్టి అప్పుడే వచ్చారు. ఏ దేశంలో ఎంతమందికి సొంత అభిప్రాయాలున్నాయో అక్కడెవరో పట్టిక వేశారట. అందులో మనది నూట పన్నెండో స్థానమని తెలిసి ఆయనకి రెండు పూటలు భోజనం సహించలేదట. మూడో పూట సహించిందని పీఏగారు చెప్పారు.

"ప్రతి పౌరుడికీ మూడు విషయాల మీద అభిప్రాయం ఉండాలి. ఒకటి, ప్రయాణాలు. రెండు, ఫోన్లూ టీవీలూ వగైరా. మూడు, ప్రపంచ ఆర్థిక వ్యవస్థ" అన్నారు మంత్రిగారు, చేతిలో ఫోన్ చూసుకుంటూ.

ఆయన ఏం చెప్పినా ఫోన్ చూసే చెప్తారు. అరగంటకోసారి పీఏగారు పక్క గదిలోంచి ఒక అభిప్రాయం పంపుతారు. ఇక్కడ ఠింగ్‌మంటుంది. మంత్రిగారి ముఖం వెలుగుతుంది. ఇంత క్రమశిక్షణ ఉన్న నాయకుణ్ణి నేనెక్కడా చూడలేదు.

మర్నాటికి యాప్ వచ్చేసింది. మూడు గళ్లూ నింపితేనే షాపుల లైసెన్సు రెన్యువల్. నింపకపోతే షట్టరుకి సీలు.

అబ్బబ్బ, మా ఊరు మారిపోయిన తీరు చూడాలి! సెలూన్ నడిపే ఆయన ఎదుటివాడి గడ్డం సగం గీసి, కత్తి గాల్లో పెట్టి, విమానంలో కిటికీ పక్క సీటు ఎందుకు మేలో చెప్పేవాడు. విమానం ఆయన ఎక్కలేదు. ఎక్కినవాడు కుర్చీలో సబ్బు నురగతో నోరు మూసుకుని కూర్చున్నాడు. రిటైరైన మాస్టార్లిద్దరు, ముప్ఫై ఏళ్ల స్నేహితులు, డాలర్ పెరగాలని ఒకరూ పడాలని ఒకరూ పంతం పట్టి మాటలు మానేశారు. డాలర్ ఏ రంగులో ఉంటుందో ఇద్దరికీ తెలీదు.

నా వంతు సేవ నేనూ చేశాను. ఒకే కాగితం మీద మూడు అభిప్రాయాలు అచ్చు వేయించి కాపీలు తీసి పెట్టాను. "ప్రయాణం మనిషి కళ్లు తెరిపిస్తుంది. ఫోన్లు వచ్చాక మనుషులు మాట్లాడుకోవడం మానేశారు. ప్రపంచ ఆర్థిక వ్యవస్థ ఒడిదుడుకుల్లో ఉంది." మూడోది ఏ కాలంలోనైనా పనికొస్తుంది, పాడవదు. ఒకావిడ వచ్చి మా ఆయనకి ఇదే ఇచ్చారట కదా, నాకు దీనికి ఎదురు చెప్పేది కావాలంది. అదీ తయారు చేశాను.

అంతా ఇలా దివ్యంగా సాగుతుంటే తలవంపులు తెచ్చిందెవరయ్యా అంటే మా బావే.

మా అక్క మొగుడు. నా షాపు పక్కనే ఫోన్లు బాగుచేస్తాడు. రెండు షాపులకీ మధ్య గోడలో ఒక తలుపుంది, మా టీలు దాంట్లోంచే అటూ ఇటూ తిరుగుతాయి. పనిమంతుడు. కానీ వట్టి ముక్కుసూటి మనిషి. ఇరవై రెండేళ్లుగా ఆ బల్ల ముందే కూర్చుని, ఆ బల్ల మీద నమ్మకంతోనే ఇల్లు నడుపుతున్నాడు. అభిప్రాయాల ఇన్‌స్పెక్టర్ ఆయన దగ్గరికి వచ్చినప్పుడు నేను తలుపులోంచి తొంగి చూస్తున్నాను.

"ప్రయాణాల గురించి నీ అభిప్రాయం?"

"తెలీదండి. నేనెక్కడికీ వెళ్లలేదు."

"వెళ్లకపోతే ఏం? అభిప్రాయానికి టికెట్టు అక్కర్లేదుగా. పోనీ, ప్రపంచ ఆర్థిక వ్యవస్థ?"

"తెలీదండి."

"ఫోన్ల గురించి?"

బావ ముఖం విప్పారింది. "అది తెలుసండి. ఛార్జింగ్ ఎక్కడం లేదని పట్టుకొచ్చే పది ఫోన్లలో ఆరింటికి రోగమేం ఉండదు. జేబులో దుమ్ము ఆ రంధ్రంలో కూరుకుపోయి ఉంటుంది. సూదితో మెల్లిగా తీస్తే చాలు, కొత్త ఫోన్ అక్కర్లేదు."

ఇన్‌స్పెక్టర్ పెన్ను మూత పెట్టేశాడు. "ఇది సమాచారం. అభిప్రాయం కాదు. సమాచారానికి మా దగ్గర గడి లేదు. శనివారం దాకా టైమిస్తున్నా."

నాకు నిజంగా ఒళ్లు మండింది. నా కాగితం ఒకటి తీసుకెళ్లి బావ చేతిలో పెట్టాను, డబ్బులు తీసుకోకుండానే. చదివి వెనక్కిచ్చేశాడు.

అక్క ఇంట్లో తల బాదుకుంది. "ఏమండీ, ఊరంతా ఏదో ఒకటి అనేస్తున్నారుగా! మీ నోట్లోంచి ముత్యాలేం రాలిపోవు. ఒడిదుడుకులు అనండి చాలు."

"ఉన్నాయో లేవో నాకు తెలీదే."

"ఉంటే ఏం, లేకపోతే ఏం? షాపు పోతే మనమేం తినాలి? మీరు పట్టిన కుందేలుకి మూడే కాళ్లు!" అంటూ ఏడ్చేసింది. బావ గోడ వైపు తిరిగి, "ప్రపంచ ఆర్థిక..." అని మొదలుపెట్టి, చెమటలు పట్టి ఆపేశాడు.

గురువారం మధ్యాహ్నం మా వీధిలోకి సైరన్‌తో మంత్రిగారి కారు వచ్చింది. ఆయన చేతులు కడుక్కుంటూ కూడా అభిప్రాయం చదువుతుండగా ఫోన్ జారి నీళ్లలో పడిందట. సాయంత్రమే అంతర్జాతీయ ఆర్థిక సదస్సు. పీఏగారు ఆ తడి ఫోన్‌ని రుమాల్లో చుట్టి పట్టుకొచ్చారు. మంత్రిగారైతే పాపం, ఖాళీ చేతిని తిప్పి తిప్పి చూసుకుంటున్నారు.

బావ ఫోన్ విప్పాడు. "రెండ్రోజులు ఆరాలండి."

"రెండ్రోజులా! అప్పటిదాకా నేనేం మాట్లాడాలయ్యా? సరే, ఇంతకీ ప్రపంచ ఆర్థిక వ్యవస్థ గురించి నువ్వేమంటావ్?" అని అడిగారు మంత్రిగారు. మునిగేవాడికి గడ్డిపోచైనా ఆధారమే కదా.

"తెలీదండి" అన్నాడు బావ, స్క్రూ తిప్పుతూ.

మంత్రిగారు ఆశ్చర్యపోయారు. "అంత ధైర్యంగా ఎలా చెప్పగలిగావు?"

"ధైర్యమేముందండీ. తెలీదు కాబట్టి."

సదస్సుకి కాపీలు సరఫరా చేసింది నేనే కాబట్టి చివరి వరసలో కూర్చున్నాను. విదేశీ నిపుణుడు లేచి, వచ్చే ఏడాది ప్రపంచ ఆర్థిక వ్యవస్థ ఎటు పోతుందో సెలవివ్వమన్నాడు. మంత్రిగారు అలవాటుగా అరచేయి చూసుకున్నారు. అందులో గీతలు తప్ప ఏమీ లేవు. పీఏగారు కళ్లు మూసుకున్నారు.

"తెలీదండి" అన్నారు మంత్రిగారు.

ముందు ఒకరు చప్పట్లు కొట్టారు. తర్వాత హాలు హాలంతా లేచి నిలబడింది. ముప్ఫై ఏళ్లలో ఎన్ని దేశాలు తిరిగినా ఇంత వినయమున్న మంత్రిని చూడలేదని నిపుణుడు కళ్లు తుడుచుకున్నాడు. మర్నాడు పేపర్ల నిండా మంత్రిగారి బొమ్మే. ప్రపంచ వినయ పురస్కారం ప్రకటించారు, విదేశాలకి వచ్చి అందుకోమన్నారు. ఫోన్ లేకుండానే ఇంత పేరొచ్చింది, దాన్నక్కడే ఉండనివ్వండి అని మంత్రిగారు కబురు పెట్టారు. బావ దాన్ని ఆరబెట్టి, బాగుచేసి, ఛార్జింగ్‌కి పెట్టి ఉంచాడు.

శుక్రవారం సాయంత్రానికి కొత్త ఉత్తర్వు. పట్టణంలో ఇకమీదట అందరూ వినయంగా ఉండాలి. యాప్‌లో మూడు గళ్లూ తీసేసి మూడు మీటలు పెట్టారు. మూడింటి మీదా 'తెలియదు' అనే ఉంది. సెలూన్లో గడ్డాలు పూర్తిగా గీయడం మొదలైంది. నేను పాత కాగితాలు తిరగేసి, వెనకవైపు 'తెలియదు' అని కాపీలు తీశాను. వినయం కూడా బాగానే అమ్ముడుపోయింది.

అక్క ఆనందం పట్టలేకపోయింది. "చూశావట్రా, చివరికి మీ బావ మాటే నెగ్గింది!"

శనివారం ఇన్‌స్పెక్టర్ నవ్వుతూ వచ్చాడు. "ప్రయాణాలు?"

"తెలీదండి."

"భేష్. ప్రపంచ ఆర్థిక వ్యవస్థ?"

"తెలీదండి."

"బంగారం! ఫోన్లు?"

"అది తెలుసండి" అన్నాడు బావ.

పది నిమిషాల్లో షట్టరుకి సీలు పడింది. కారణం: అహంకారం.

సోమవారం నుంచీ మా బావ నా షాపులోకొచ్చి, మధ్య తలుపు తీసుకుని, సీలు వేసిన షాపులో మామూలుగా పని చేసుకుంటున్నాడు. వీధిలో అందరికీ తెలుసు. అడిగితే అందరూ తెలియదంటారు, ఉత్తర్వు ప్రకారమే. కానీ ఎన్నాళ్లని ఇలా? ఇన్‌స్పెక్టర్ కంట పడితే పనిముట్లతో సహా పట్టుకుపోతాడని అక్క రోజూ గుమ్మంలో కాపలా.

బుధవారం మళ్లీ సైరన్. పురస్కారం అందుకోవడానికి విమానం ఇంకో మూడు గంటల్లో ఉంది. టికెట్టు ఫోన్లో ఉంది. ఫోన్ సీలు లోపల ఉంది.

"తెరవండి" అన్నారు మంత్రిగారు.

"రూలు ప్రకారం తమరి ఆమోదం కావాలండి. ఇదిగో, ఇక్కడ నొక్కండి" అని ఇన్‌స్పెక్టర్ ట్యాబ్ చాపాడు. మంత్రిగారు నొక్కారు. "ఇప్పుడు తమరి ఫోన్‌కి ఓటీపీ వస్తుంది. అది చెప్పండి."

షట్టరు లోపల ఠింగ్‌మంది.

అందరం షట్టరు వంక చూశాం. మంత్రిగారు జనం వైపు తిరిగారు. "లోపలికి వెళ్లడానికి ఇంకో దారేమైనా ఉందా? ఎవరికైనా తెలుసా?"

"తెలియదండీ!" అంది వీధి వీధంతా, ఒక్క గొంతుతో. మాస్టార్లిద్దరూ కలిసే అన్నారు. నేను నా తలుపుకి వీపు ఆనించి మరీ గట్టిగా అన్నాను.

బావ ఒక్కడే అనలేదు. మంత్రిగారు ఆయన దగ్గరికొచ్చారు. "నువ్వు చెప్పవయ్యా. నువ్వు అబద్ధమాడవు. నీకు తెలుసా?"

బావ నోరు తెరిచాడు. ఎదురుగా ఇన్‌స్పెక్టర్ పెన్ను మూత తీసి నిలబడ్డాడు. పక్కన అక్క రెండు చేతులూ జోడించి నిలబడింది. బావ సీలు వంక చూశాడు, అక్క వంక చూశాడు. చెమటలు పట్టాయి.

"తెలీదండి" అన్నాడు.

"అమ్మయ్య! మూడో 'తెలియదు' కూడా వచ్చేసింది!" అని ఇన్‌స్పెక్టర్ అక్కడికక్కడే లైసెన్సు మీద ముద్ర గుద్ది బావ చేతిలో పెట్టాడు. సీలు మాత్రం ఓటీపీ వస్తే గానీ తియ్యడం కుదరదన్నాడు. విమానం మంత్రిగారు లేకుండానే ఎగిరిపోయింది. పురస్కారాన్ని కూడా త్యాగం చేసిన వినయమని పేపర్లు రాశాయి.

సాయంత్రం బావ మధ్య తలుపులోంచి వెళ్లి లైసెన్సు గోడకి తగిలించి, బల్ల ముందు కూలబడ్డాడు. నేను టీ పట్టుకెళ్లాను.

"జీవితంలో మొదటిసారి అబద్ధమాడానురా" అన్నాడు, గ్లాసు అందుకోకుండానే.

"ఛ, అబద్ధమెందుకవుతుంది బావా? అది అభిప్రాయం" అన్నాను.

ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్ ఠింగ్‌మంది. ఇద్దరం అటు చూడలేదు.